తెరకు అటూ ఇటూ కుదరని గురి: ఆన్‌లైన్ చదువు వెనుక యాభై ఏళ్ల నేపథ్యం

ఆన్‌లైన్ చదువు మీద విద్యార్థులకూ, చెప్పే ఉపాధ్యాయులకూ గురి కుదరడం లేదన్న మాట 2020 తర్వాత గట్టిగా వినిపించినా, ఆ సందేహం వయసు దాదాపు అర్ధ శతాబ్దం. 1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో మొదలుపెట్టిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం, ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలను చేర్చింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఉదయం పూట బడిపిల్లలకు తెలుగులోనే కార్యక్రమం వచ్చేది. తెరమీది మనిషిని పిల్లలు ప్రశ్న అడిగే వీలు లేదు కనుక, చూసినదాని గురించి మాట్లాడించే బాధ్యత తరగతిలోని ఉపాధ్యాయుడిదే అయింది. ఆ ఏడాదే దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చినప్పుడు మాత్రం టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రేడియోనూ, అచ్చు సామగ్రినీ, చేతులతో చేసి చూసే ప్రయోగాలనూ దానికి జోడించారు. తర్వాతి పథకాలు ఈ జోడింపును ఎందుకు మరిచిపోయాయన్నది ఇప్పటికీ అడగదగిన ప్రశ్నే.

దాన్ని మరవని సంస్థ ఒకటి హైదరాబాదులోనే పుట్టింది. 1982లో, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీకి (నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) తొలి ఉపకులపతి అయిన జి. రాంరెడ్డి, ఆ తర్వాత ఢిల్లీలో జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నో స్థాపనకూ సారథ్యం వహించారు. ఇంటర్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్న వెసులుబాటు, తెలుగులో పాఠ్యపుస్తకాలు, మామూలు కళాశాలల్లోనే నడిచే అధ్యయన కేంద్రాలు, అక్కడ సెలవు రోజుల్లో కౌన్సెలింగ్ తరగతులు దాని మూలస్తంభాలు. పొలం పనో, గుమాస్తా ఉద్యోగమో చూసుకుంటూ డిగ్రీ కట్టినవారికి పుస్తకం ఎంత ధైర్యమిచ్చిందో, అర్థం కానిది అడగడానికి ఎదురుగా ఒక లెక్చరర్ కూర్చుని ఉండటం అంతకంటే ఎక్కువ ధైర్యమిచ్చిందని నా అభిప్రాయం.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ పూర్తిగా విద్య కోసమే ఉద్దేశించిన ఉపగ్రహం. అయితే తిరిగి మాట్లాడే ఏర్పాటున్న కేంద్రాలతో పాటు, వినడానికి మాత్రమే పనికివచ్చే కేంద్రాలూ అందులో ఉండేవి. ఈ రెండో రకం గదిలో కూర్చున్న విద్యార్థికి 1975 నాటి పిల్లవాడికీ తనకూ పెద్ద తేడా ఉండదు.

పట్టా విలువ గురించిన భయం మరో వైపు నుంచి వచ్చింది. దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలిచ్చిన కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల కేసులో సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పునిస్తూ, 2001-05 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి, వారికి సాంకేతిక విద్యా నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ ద్వారా పరీక్ష పెట్టించమని ఆదేశించింది. 2005 తర్వాత చేరినవారి పట్టాలు రద్దయ్యాయి. తప్పు సంస్థలది, నష్టం చదువుకున్నవారిది. ఇంటర్వ్యూలో ‘డిస్టెన్స్‌లో చేశానండీ’ అని గొంతు తగ్గించి చెప్పే అలవాటు అంతకు ముందే ఉంది; ఈ తీర్పుతో అది మరింత బలపడి ఉంటే ఆశ్చర్యం లేదు.

దీనికి భిన్నంగా, ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం ఎన్‌పీటెల్ 2014లో సర్టిఫికెట్ కోర్సులు మొదలుపెట్టినప్పుడు పాఠాలను ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచి, సర్టిఫికెట్ కావాలన్నవారికి మాత్రం ఫీజు కట్టించుకుని, కేంద్రానికి రప్పించి పర్యవేక్షణలో పరీక్ష పెట్టింది. 2017 జులైలో ప్రారంభమైన ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలోనూ ఇదే పద్ధతి కొనసాగింది.

ఇంత చరిత్ర ఉన్నా, 2020 మార్చిలో బడులు మూతపడేసరికి సగటు ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నది ఒక ఫోను మాత్రమే. అంతకు రెండేళ్ల ముందటి జాతీయ నమూనా సర్వేలోనే ఇంటర్నెట్ సదుపాయం ఉన్న గ్రామీణ కుటుంబాలు సుమారు 15 శాతమని తేలింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఫోను ఉన్న చోట ఉపాధ్యాయుడు దాన్ని పుస్తకాల దొంతరకు ఆనించి, ‘వినిపిస్తోందా?’ అని తెరమీద పిల్లల బదులు కనిపించే నల్లని గడులను పదేపదే అడిగి, రాత్రి వాట్సాప్‌లో వచ్చిన నోటుపుస్తకాల మసక ఫోటోలను వేళ్లతో పెద్దవి చేసుకుని దిద్దాడు. పిల్లల మొహాలు కనిపించకపోతే అనుభవజ్ఞుడికైనా పాఠం ఎక్కుతోందో లేదో తెలియదు. పైగా పక్కనుంచి తల్లిదండ్రులు వింటున్నారన్న బెరుకు ఒకటి.

ఉపాధ్యాయులకు శిక్షణ లేకపోలేదు. 2020 జులైలో కేంద్రం ‘నిష్ఠా’ అనే ఉపాధ్యాయ శిక్షణలో తొలి ఆన్‌లైన్ కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతోనే ప్రారంభించింది. తెర ముందు విద్యార్థిగా కూర్చోవడం ఎలా ఉంటుందో వారికి అప్పుడు స్వయంగా తెలిసి ఉండాలి.

ఆన్‌లైన్, దూరవిద్య పట్టాలు సంప్రదాయ పట్టాలతో సమానమని 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ స్పష్టం చేయడంతో కాగితం మీది చిక్కు చాలావరకు వీడింది. తరగతి తర్వాత ఫోనుకు వచ్చే సందేహాలకు ఉపాధ్యాయుడు వెచ్చించే సమయాన్ని మాత్రం టైంటేబుల్‌లో పనిగంటగా లెక్కకట్టే సంస్థలు అరుదు. అడిగినా జవాబు వస్తుందో రాదోనని విద్యార్థి, జవాబిచ్చినా ఎవరూ లెక్కచేయరని ఉపాధ్యాయుడు వెనుకాడుతున్నది అక్కడే.