సోంపేట బీల: కాగితాల్లో బంజరు, ఊరికి నీటి చెలమ

శ్రీకాకుళం జిల్లా సోంపేట థర్మల్ ప్లాంటు గురించి ఎవరు చెప్పినా 2010 జులై 14 కాల్పుల దగ్గరే మొదలుపెడతారు. అసలు గొడవ అంతకు రెండేళ్ల ముందు, రికార్డుల్లో రాసిన ఒక మాట దగ్గర మొదలైంది.

2008లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ద్వారా సుమారు 972 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. ప్రతిపాదన 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానిది. ఆ నేల ఎందుకూ కొరగాదన్నది సర్కారు లెక్క. ఊళ్లవాళ్లు మాత్రం దాన్ని 'బీల' అంటారు. వాననీరు చేరి నిలిచే పల్లపు చిత్తడి అది. పక్కనే సముద్రమున్నా ఆ నీళ్లు ఉప్పగా ఉండవు. రైతులు పొలాలకు తోడుకునేది ఆ నీటినే. పశువులకు గడ్డి అక్కడే దొరుకుతుంది, వల వేస్తే చేపలూ అక్కడే. ఎవరి పేరునా పట్టా లేదు, అందరి బతుకూ దానిమీదే. పట్టా లేదు కాబట్టి బంజరు అని రాసేశారు. నా దృష్టిలో అసలు తప్పు అదే. మిగతాదంతా దాని వెంట వచ్చిందే.

2009 డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలైందీ ఆ నెలలోనే. అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు సవాలు చేశారు. అక్కడ వాదన చివరికి ఒక్క ప్రశ్న దగ్గర తేలింది: ఇది చిత్తడి నేలా, కాదా?

జులై 14న పోలీసుల అండతో కంపెనీ పనులు మొదలుపెట్టబోతే రైతులు, మత్స్యకారులు బీలకు అడ్డం నిలబడ్డారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చుంటే ఆ రెండు ఇళ్లల్లో దీపాలు ఆరేవి కావు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇంత జరిగినా ఏడు నెలలకే, 2011 ఫిబ్రవరిలో, అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ ప్లాంటు కోసం మళ్లీ తుపాకులు పేలాయి. అక్కడా చిత్తడి నేలే, అక్కడా ఇద్దరు పోయారు.

సోంపేటలో అనుమతి పోయింది గానీ, భూమి కేటాయించిన జీవో వెంటనే పోలేదు. భూమి కంపెనీ పేరున ఉన్నంతకాలం ప్లాంటు ఏదో ఒక రూపంలో తిరిగి రావచ్చన్న భయం జనానిది. అందుకే రద్దు కబురు విన్నాక కూడా దీక్షా శిబిరం ఎత్తెయ్యలేదు. ఏళ్ల తరబడి, రోజూ కొందరు వంతులవారీగా వచ్చి అందులో కూర్చున్నారు.