గోతులు తీసే మెషీన్ కొనేముందు: కొన్ని అపోహలు, వాటి వాస్తవాలు

కాలవలకి నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయంటే మా షాపుకి ఫోన్లు మొదలవుతాయి. రొయ్యల చెరువు చుట్టూ రాటలు పాతాలని ఒకరు, కొబ్బరి తోటలో కోకో వేస్తున్నామని ఒకరు, అరటికని ఇంకొకరు. అందరూ అడిగేది మాత్రం ఒకటే, "ఏ కంపెనీ ఆగర్ మంచిదండీ?" అని. ఆగర్ అంటే ఈ గోతులు తీసే మెషీనే. నేను అమ్మేది తక్కువ, విప్పి బాగుచేసేది ఎక్కువ. అందుకని కంపెనీ పేరు చెప్పే ముందు నేనే ఎదురు ప్రశ్న వేస్తాను: మీ మట్టి ఏంటి, మీక్కావలసిన గొయ్యి ఎంత? ఈ రెండూ తేలకుండా కొన్న మెషీన్లే నా బల్ల మీదకి ఎక్కువగా వస్తుంటాయి.

అపోహ: సీసీ ఎంత ఎక్కువైతే మెషీన్ అంత గట్టిది.

సీసీ అంటే సిలిండర్ సైజు, అంతే. పేరున్న కంపెనీల్లో 36 సీసీ ఇంజిన్‌తోనే 1.4 కిలోవాట్లు ఇచ్చేవి ఉన్నాయి, అంటే దాదాపు 1.9 హెచ్‌పీ. అదే చవక రకం 52 సీసీ డబ్బా మీద మూడు హెచ్‌పీ అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది, లోపలి కాగితం తీసి కిలోవాట్లు చూస్తే లెక్క కుదరదు. ఒక హెచ్‌పీ అంటే 0.746 కిలోవాట్. షాపులోనే ఫోన్ తీసి కిలోవాట్లని దాంతో భాగించి చూసుకోండి, మొహమాటపడకండి. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్షా కేంద్రం ఉంది. మీరు కొనే మోడల్‌కి అలాంటి చోట పరీక్ష జరిగిన రిపోర్టు ఉందేమో అడగండి. ఉంటే అమ్మేవాడే సంతోషంగా చూపిస్తాడు.

అసలు పని చేసేది ఇంజిన్ కింద ఉన్న గేర్‌బాక్సు, క్లచ్. ఇంజిన్ వేగాన్ని బాగా తగ్గించి బలంగా మార్చేది అక్కడే. కొనేటప్పుడు బిట్ (మట్టిలోకి దిగే మర) తగిలించే షాఫ్టుని చేత్తో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. కొత్త మెషీన్‌లోనే లొడలొడలాడితే బేరింగ్ సంగతి అప్పుడే తెలిసిపోయినట్టు. తర్వాత స్టార్ట్ చేయించి, యాక్సిలరేటర్ ఇవ్వకుండా వదిలేయమనండి. బిట్ తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి వేగం సరిచేసేది) తగ్గించమనండి, తగ్గించినా తిరుగుతూనే ఉంటే ఆ మెషీన్ వద్దు. గేర్‌బాక్సులో గ్రీజు ఉందో లేదో కూడా మూత తీయించి చూడండి, చవక రకాల్లో వేలికి అంటేంత కూడా పెట్టని కేసులు చూశాను.

అపోహ: పన్నెండంగుళాల బిట్ కొంటే అన్ని పనులకీ సరిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆరంగుళాల బిట్‌కి పన్నెండంగుళాల బిట్ రెండింతలు అనుకుంటారు, కానీ లోతు ఒకటే అయినా మట్టి నాలుగింతలు వస్తుంది. అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గొయ్యి అంటే సుమారు 55 లీటర్ల మట్టి, మన తడి బంకమట్టి అయితే దగ్గర దగ్గర క్వింటాలు బరువు. చిన్న ఇంజిన్ మీద అది రోజంతా లాగిస్తే క్లచ్ మాడిపోక ఏమవుతుంది? చెరువు గట్టు మీద రాటలకి, పక్షుల వల స్తంభాలకి ఆరో ఎనిమిదో చాలు.

ఇక కొబ్బరి. "కొబ్బరి గోతులు నిమిషంలో" అని ప్రకటనల్లో చూసి వస్తారు. కొబ్బరి మొక్కకి మామూలు నేలలో చెప్పే గొయ్యి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు, అంటే 1000 లీటర్లు. అడుగు బిట్ తీసే గొయ్యి అందులో సుమారు పద్దెనిమిదో వంతే. దాంట్లో మొక్క దింపేసి పైన మట్టి కప్పేస్తే వేరు ఎక్కడికి పోతుంది? ఆగర్ వాడాలంటే నాలుగు మూలలకి నాలుగు, నడిమికి ఒకటి వేసి, మధ్యలో వదులైన మట్టిని పారతో తీయించండి. కూలీ ఖర్చు తగ్గుతుంది కానీ కూలీ లేకుండా మాత్రం అవదు.

ఇంకో సంగతి. బంకమట్టిలో బిట్ తిరిగితే గోతి గోడ గిన్నె లోపలిలా నున్నగా తయారవుతుంది. నీరు ఇంకదు, లేత వేరు గోడలోకి చొరబడలేదు. మొక్క పెట్టే గొయ్యి అయితే గునపంతో గోడని నాలుగు వైపులా గీరండి. రాట పాతే గోతికి ఆ అవసరం లేదు.

అపోహ: మంచి మెషీన్ అయితే ఎప్పుడైనా, ఎక్కడైనా తవ్వుతుంది.

కోనసీమలో కాలవలు పారుతున్నన్నాళ్లూ చాలా చోట్ల రెండు మూడు అడుగుల్లోనే నీరు. అప్పుడు ఆగర్ పెడితే మట్టి పైకి రాదు, గోతిలోనే గంజి అవుతుంది. కాలవలు కట్టేశాక నేల కాస్త ఆరి, చెమ్మ ఇంకా ఉన్న రోజులు సరైనవి. మే నెల ముదిరి నెర్రెలిచ్చిన నల్లమట్టి అయితే ముందు రోజు సాయంత్రం గుర్తు పెట్టిన చోట నీళ్లు పోసి ఉంచండి. అంతర్వేది, అల్లవరం వైపు ఇసుక నేలల్లో మెషీన్ సులువుగానే దిగుతుంది, పైకి తీయగానే గోడ కూలుతుంది. అక్కడ కూడా ముందు తడపాల్సిందే. లంక భూముల ఒండ్రు మట్టి అన్నిట్లోకీ సుఖం.

బంకమట్టిలో బిట్‌ని ఒక్క ఊపులో కిందిదాకా దించేయకండి. అర అడుగు దింపడం, పైకి లేపి మట్టి విదల్చడం, మళ్లీ దింపడం. తొందరపడి దించేస్తే నేల బిట్‌ని పట్టేసుకుంటుంది, ఇద్దరు కలిసి పీకినా రాదు. అప్పుడు ఇంజిన్ ఆపి, బిట్‌ని పట్టి ఉంచే పిన్ను తీసి మెషీన్‌ని పక్కన పెట్టి, పైపు రెంచితో బిట్ షాఫ్టుని ఎడమవైపుకి తిప్పుతూ మర సడలించినట్టు బయటికి తీయండి. ట్రాక్టరు కట్టి లాగితే వంకర షాఫ్టు వస్తుంది.

అపోహ: ఆ మంచు వీడియోలో మెషీన్ అర నిమిషంలో దిగిపోయింది, అదే తెప్పిద్దాం.

ఈ మధ్య కుర్రాళ్లు తరచూ చూపించే వీడియో ఇది. ఫిన్లాండ్‌లోనో అమెరికాలో మిన్నెసోటాలోనో గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి, చేపల గాలం వేయడానికి మంచులో కన్నం పెడుతుంటారు. బాబూ, అది మంచు. మన దగ్గర మంచుగడ్డ అంటే రొయ్యల లారీలోకి వేసే ఐసు దిమ్మే. ఆ బిట్ చివర ఉండేవి చెక్కే బ్లేడులు, గడ్డం గీసుకునే బ్లేడంత పదును, ఇసుక రేణువు తగిలినా మొద్దుబారతాయి. వాళ్లు పని అవగానే వాటికి తొడుగు వేసుకునేది అందుకే. మట్టి బిట్‌కి నడుమ మొన, పక్కన మార్చుకునే గట్టి పళ్లు ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆగర్ బిట్ అని వెతికితే రెండూ కలిసే కనబడతాయి, ఫొటోలో చివర పెద్దది చేసి చూడండి. షాఫ్టు కొలత కూడా చూడండి, చాలా చైనా మోడళ్లకి 20 మిల్లీమీటర్లు, అన్నిటికీ అదే అనుకోకండి.

బ్యాటరీ ఆగర్లు అక్కడ బాగా పాకాయి, చలికి పెట్రోలు ఇంజిన్ మొరాయించడం ఒక కారణం. మనకా బాధ లేదు. పెరట్లో నాలుగు మొక్కలకైతే సరే, రోజంతా చెరువు గట్టు మీద పనికైతే పెట్రోలుదే తీసుకోండి.

అపోహ: పెట్రోల్లో ఆయిల్ కాస్త ఎక్కువ కలిపితే ఇంజిన్‌కి మంచిదే.

మంచిది కాదు. టూ స్ట్రోక్ మెషీన్‌కి పుస్తకంలో 25:1 అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్, 50:1 అంటే 20. పక్క షాపాయన చెప్పింది వద్దు, పుస్తకంలోది కలపండి, అది కూడా సీలున్న 2టీ ఆయిలే. ఎక్కువైతే ప్లగ్గు నల్లగా తడిసిపోయి, సైలెన్సర్ మసి పట్టి, మెషీన్ లాగడం మానేస్తుంది. ఫోర్ స్ట్రోక్ మెషీన్ అయితే కలపకుండా ఉత్త పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు మన తేమ గాలికి నీటిని పీల్చుకుంటుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి. రిపేరుకి వచ్చే కార్బొరేటర్లలో చాలావాటికి రోగం ఇదే.

అపోహ: చిన్న మెషీనే కదా, ఒక్కడే లుంగీ ఎగ్గట్టి పట్టేసుకోవచ్చు.

లుంగీ, మెడలో తువ్వాలు, రెండూ వద్దు. తిరిగే బిట్‌కి గుడ్డ చిక్కితే మనిషిని లాగేస్తుంది. పాత కొబ్బరి చెట్టు మొదలుకి రెండు మీటర్ల లోపల గొయ్యి పెట్టొద్దు, అక్కడ వేళ్లు పీచులా అల్లుకుని ఉంటాయి, బిట్ ఆగి హ్యాండిల్ తిరిగి పక్కటెముకలకి కొడుతుంది. పీచు చుట్టుకుంటే ఇంజిన్ పూర్తిగా ఆపాకే చెయ్యి పెట్టండి. ఎనిమిదంగుళాలు దాటితే ఇద్దరు పట్టుకునే హ్యాండిల్ ఉన్నదే మేలు.

అపోహ: అద్దె మెషీన్ అంటే డొక్కు మెషీనే.

పాతిక రాటల కోసం మెషీన్ కొనడం దండగండి, అద్దెకి తెచ్చుకోండి. తెచ్చేటప్పుడు ఇందాక చెప్పినట్టు షాఫ్టు ఊపి, ఐడిల్‌లో పెట్టి చూడండి, బిట్ పళ్లు అరిగాయేమో చూడండి. బిట్ పిన్ను ఒకటి అదనంగా అడిగి జేబులో వేసుకోండి. పొలంలో పిన్ను తెగిందని ట్రాక్టరు హైటెన్షన్ బోల్టు బిగించి నడిపేవాళ్లున్నారు. వేరు అడ్డుపడితే ఆ బోల్టు తెగదు, గేర్‌బాక్సులో పళ్లు తెగుతాయి, ఆ బిల్లు అద్దెకి తెచ్చుకున్నవాళ్లే కట్టాలి.