రాజుగారి పాత పేరు ఫిన్లాండులో దొరికింది

కునింగజ్. ఈ మాట రాసి ఉన్న రాయి గానీ, తోలు పత్రం గానీ ఎక్కడా దొరకలేదు. సుమారు రెండున్నర వేల ఏళ్ల కిందట దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో మాట్లాడిన మూల జర్మానిక్ భాషలో రాజును ఇలా పిలిచేవారని భాషావేత్తలు తేల్చారు. రాతలో కనబడని మాట కాబట్టి దీని ముందు నక్షత్రం గుర్తు పెడతారు.

ఇంగ్లీషు కింగ్, డచ్ కోనింగ్, స్వీడిష్ కుంగ్ అన్నీ దీని సంతానమే. అన్నిట్లోనూ చివరి 'అజ్' రాలిపోయింది. మరి అది ఉండేదని ఎలా తెలిసింది? డెన్మార్క్‌లోని గాలెహుస్‌లో 1734లో దొరికిన బంగారు కొమ్ము మీద, క్రీ.శ. 400 నాటి రూనిక్ (జర్మానిక్ జాతుల పాత లిపి) అక్షరాల్లో 'హోల్టియజ్' అనే మాట ఉండేది. అదే తోక! అంతకన్నా నాకు నచ్చిన సాక్ష్యం ఫిన్నిష్. ఆ భాషకు జర్మానిక్ భాషలతో రక్తసంబంధం లేదు. పొరుగువాళ్ల దగ్గర ఎప్పుడో అరువు తెచ్చుకున్న ఈ మాటను ఇప్పటికీ 'కునింగస్' అనే పలుకుతోంది. సొంత పిల్లలు పోగొట్టుకున్నదాన్ని పొరుగింటివాళ్లు దాచిపెట్టారు.

ఇంతకీ ఆ మాటకు అర్థం? 'కున్య' అంటే వంశం. మంచి వంశంలో పుట్టినవాడు కునింగజ్. దాని వెనకున్న ఇండో-యూరోపియన్ (సంస్కృతం, జర్మానిక్ రెండూ చేరే భాషా కుటుంబం) ధాతువే సంస్కృతంలో 'జన్'. మన జన్మ, జాతి, జనకుడు అందులోంచి వచ్చినవే. సంస్కృతంలో 'జ' ఉన్నచోట జర్మానిక్‌లో 'క' ఎందుకుంది? ఇలాంటి మార్పులు ఒక క్రమంలో జరిగాయని 1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించాడు. జానువుకు (ఆజానుబాహువులోని మోకాలే) ఇంగ్లీషులో 'నీ' (knee), జ్ఞానానికి 'నో' (know). స్పెల్లింగ్ టెస్టుల్లో మనల్ని అంత టెన్షన్ పెట్టిన ఆ పలకని 'కె' ఒకప్పుడు నిజంగా పలికిన అక్షరమే.

తెలుగు ద్రావిడ భాష. అంటే ఇండో-యూరోపియన్ కుటుంబానికి మనమూ ఫిన్నిష్‌లాగే పొరుగువాళ్లం, జన్మనూ జాతినీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాళ్లం.

అరువు వెళ్లిన మాట అర్థం కూడా మార్చుకుంది. రష్యన్‌లో 'క్న్యాజ్' సంస్థానాధీశుడు, లిథువేనియాలో 'కునిగస్' చర్చి పూజారి. ఫిన్లాండులో మాత్రం రాజు రాజుగానే ఉన్నాడు. అక్కడ కారు టైరును 'రెంగస్' అంటారు. ఇంగ్లీషు 'రింగ్'కు మూలమైన మాటే అది, చివర అదే పాత తోకతో.