బెనారస్ మెట్రిక్‌కి మైలాపూరు దారి

పెళ్లి వల్లో, ఇంట్లో జరుగుబాటు లేకో బడి మానేసిన ఆడవాళ్లు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ప్రైవేటుగా పది కట్టడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. మద్రాసు తెలుగిళ్లలో ఈ ప్రయత్నం 1930లలోనే మొదలైంది. మొదలుపెట్టిన మనిషి పేరు చెన్నైలో ఉన్న మనవాళ్లందరికీ పరిచయమే. అడయారు వైపు దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాం. రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి తెలుసు, ప్రణాళికా సంఘం సభ్యురాలు దుర్గాబాయి తెలుసు. ఆడపిల్లలను కూర్చోబెట్టి పరీక్షకు తయారుచేసిన దుర్గాబాయి గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. వీరేశలింగం గారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన ఊరది. ఆడపిల్లల చదువు కోసం ఆయన ధవళేశ్వరంలో బడి పెట్టింది అంతకుముందే, 1874లో. ఇంత జరిగినా, దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్లయిపోయింది. బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చింది 1929లో. అది కూడా ఆడపిల్లకు పెట్టిన కనీస వయసు పద్నాలుగే. వయసొచ్చాక ఆమె ఆ కాపురం వద్దనుకున్నారు. భర్తకు నచ్చజెప్పి, మరో పెళ్లి చేసుకోమన్నారు. పుట్టింటివాళ్లు అడ్డు చెప్పకపోగా అండగా నిలిచారు. ఆ రోజుల్లో ఇదే అసలు విశేషం అనిపిస్తుంది నాకు. తర్వాత ఆయన పోయాక, ఆయన రెండో భార్యకు ఆసరా అయ్యింది కూడా దుర్గాబాయే.

కాకినాడలో పెరుగుతున్నప్పుడు సహాయ నిరాకరణ గాలి వీచింది. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన ఆ పిల్ల, హిందీ నేర్చుకుని ఆడవాళ్లకు తనే పాఠశాల పెట్టింది. 1921లో గాంధీ కాకినాడ వస్తే, దేవదాసీలనూ ఘోషా స్త్రీలనూ ఆయన ముందు కూర్చోబెట్టాలని పట్టుబట్టింది. నిర్వాహకులు నిధికి 5000 రూపాయలు ఇస్తేనే అన్నారు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. అప్పటికి ఆమెకింకా పన్నెండేళ్లు నిండలేదు. 1923 కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూను ఆపేసిన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది అది కాదు, జైలు.

1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం మద్రాసు వచ్చారు. ఇక్కడ ప్రకాశం, నాగేశ్వరరావు పంతులు వంటి పెద్దలతో కలిసి పనిచేశారు. అరెస్టయ్యారు. వేలూరు జైలు, ఆ తర్వాత మదురై. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం పాడైంది. జైల్లో ఆమె కళ్లు తెరిపించింది మామూలు ఖైదీ ఆడవాళ్లు. అక్షరం రాక, అడిగేవాళ్లు లేక, చెయ్యని నేరాలకు కూడా శిక్ష పడి ఉన్నవాళ్లు. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. లా కావాలంటే బి.ఏ. కావాలి, బి.ఏ.కి మెట్రిక్, అంటే బడి చివరి పరీక్ష, కావాలి, దానికి ఒకప్పుడు తను కాదనుకున్న ఇంగ్లీషే కావాలి.

ఇరవై నాలుగేళ్లు దాటిన మనిషి చిన్నపిల్లల పక్కన బల్ల మీద కూర్చుని తరగతి తర్వాత తరగతి చదువుకుంటూ రావడం అయ్యేపని కాదు. బడికి వెళ్లకుండానే కట్టగలిగే బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష దారి తెరిచింది. ఇంట్లో చదువుకుని కట్టారు, గట్టెక్కారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడవాళ్లకు హాస్టల్ లేదన్నారు. చదవదలచిన అమ్మాయిలెవరైనా ఉన్నారా అని పత్రికల్లో ప్రకటన వేసి, వచ్చినవాళ్లతో తనే హాస్టల్ నడిపారు. మద్రాసులో లా పూర్తయింది 1942లో.

తన చదువు పూర్తికాకముందే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదట అది చిన్న ఆడపిల్లల సంఘం, తర్వాత పెద్దవాళ్లూ చేరారు. అప్పటికే మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి దారి వేసి ఉన్నారు. పదకొండేళ్లకే భర్తను పోగొట్టుకుని, 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ తెచ్చుకున్న ఆమె, బాలవితంతువులకు మెరీనా ఒడ్డున ఐస్‌హౌస్ అనే భవనంలో వసతిగృహం నడిపారు. వయసు మీరిన స్త్రీల కోసం 1927లో శారదా విద్యాలయం స్థాపించారు. అయితే మద్రాసు తెలుగువాళ్ల ఆడపిల్లలకు తెలుగులో చెప్పి బెనారస్ మెట్రిక్ కట్టించే పని దుర్గాబాయి సభ చేపట్టింది. తను నడిచిన అడ్డదారినే నలుగురికీ రోడ్డు చేశారన్నమాట.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో సంక్షేమ కేంద్రాలు పెడదామంటే గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు దొరకలేదు. ఉన్న ఆడవాళ్లకు కనీస చదువు లేదు, చదివినవాళ్లు పల్లెకు రారు. 1958లో మండలి పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. బడి మానేసినవాళ్లను కొద్ది కాలంలోనే పరీక్షకు తయారుచేసి పనిలో పెట్టడం దాని ఉద్దేశం. పద్ధతి మైలాపూరుదే, ఈసారి ఖర్చు ప్రభుత్వానిది.