పాటలు పాడైపోయాయా? మాస్టరింగ్ గది నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను మాస్టరింగ్ ఇంజినీర్‌ని. రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ అయ్యాక, విడుదలకు ముందు పాటను చివరిసారి విని, శబ్దం సరిచూసి పంపేది మేమే. పాత టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించే పని కూడా నా దగ్గరికి వస్తుంటుంది. పొద్దున యాభై ఏళ్ల కిందటి పాట, సాయంత్రం వచ్చే వారం విడుదలయ్యే పాట. రెండూ అదే కుర్చీలో కూర్చుని, అవే స్పీకర్లలో వింటాను. అందుకే "ఇప్పటి పాటల్లో ఏముందండీ, పాటంటే అప్పటిదే" అని ఎవరైనా అంటే ఊరుకోలేను. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది జనం వెతికే చోట లేదు.

అపోహ: అప్పట్లో వచ్చినవన్నీ ఆణిముత్యాలే.

వాస్తవం: మనదాకా వచ్చినవి ఆణిముత్యాలు. 1969 అనగానే సంగీతం తెలిసినవాళ్లకు వుడ్‌స్టాక్ సంగీతోత్సవం గుర్తొస్తుంది, బీటిల్స్ ఆల్బమ్ 'అబ్బీ రోడ్' గుర్తొస్తుంది. ఆ ఏడాది అమెరికాలో సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసిన సంవత్సరాంతపు హిట్ల జాబితాలో మొదటి స్థానం మాత్రం 'షుగర్, షుగర్' అనే పాటది. దాన్ని విడుదల చేసింది 'ది ఆర్చీస్'. అదొక కార్టూన్ బ్యాండ్. తెర మీద బొమ్మలు, వెనక స్టూడియో గాయకులు. ఆ పాటను తక్కువ చేయడం లేదు, చక్కగా కట్టిన పాటే. కానీ ఆ ఏడాది జనం ఎక్కువగా విన్నదానికీ, ఈరోజు మనం ఆ ఏడాది పేరు మీద తలుచుకునేదానికీ ఎంత దూరం ఉందో చూడండి.

నా బల్ల మీదికి వచ్చే టేపులదీ ఇదే కథ. 1970, 80ల నాటి కొన్ని టేపులకు ఒక జబ్బుంది. అయస్కాంతపు పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని బంకలా తయారవుతుంది. అలాగే మెషిన్ మీద పెడితే టేపును చదివే హెడ్‌కు అతుక్కుపోతుంది. అందుకని ముందు 50 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. ఇంత తంటాలు పడి ఒక పెట్టెలో ఉన్న రీళ్లన్నీ పలికించాక, వెనక్కి తిప్పి మళ్లీ వినాలనిపించేవి ఒకటో రెండో ఉంటాయి. మిగతావి అప్పటి హిట్ పాటల నీడలు. అదే నడక, అదే వాద్యాల అమరిక, చివర్లో అదే కోరస్. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు కాబట్టి ఆ కాలం మీద మచ్చ పడలేదు. ఈ కాలానికి ఆ జల్లెడ ఇంకా పట్టలేదు. ఇప్పుడు రోజుకు లక్షకు పైగా కొత్త రికార్డింగులు స్ట్రీమింగ్‌లోకి వస్తున్నాయి. తాలు, గింజ కలిసే మన చెవిన పడుతున్నాయి.

అపోహ: సంగీతం చెడిపోయింది ఇదిగో ఈ తరంలోనే.

వాస్తవం: 1600లో ఇటలీలో జొవాన్ని అర్తూసి అనే సంగీత శాస్త్రవేత్త ఆధునిక సంగీతంలోని లోపాల మీద ఏకంగా ఒక పుస్తకం వేశాడు. అందులో తప్పుపట్టింది స్వరకర్త మోంటెవెర్డీ రచనను. 1921లో అమెరికన్ పత్రికలు జాజ్ వల్ల యువత నైతికంగా పతనమవుతోందని రాశాయి. ఆ మోంటెవెర్డీనీ, ఆ జాజ్‌నూ ఇప్పుడు కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారు.

అపోహ: ఓపిక లేని కాలం కాబట్టే పాటలు కురచైపోయాయి.

వాస్తవం: పాట నిడివిని చాలావరకు ఎప్పుడూ యంత్రమే తేల్చింది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఆ అలవాటు రికార్డులు పెద్దవయ్యాక కూడా పోలేదు. 1960ల హిట్లలో రెండున్నర నిమిషాలవి బోలెడు. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో 30 సెకన్లు విన్నాకే ఒక ప్లే లెక్కలోకి వస్తుంది. అందుకే పాట ముందు వచ్చే మ్యూజిక్ తగ్గిపోయింది. అమెరికన్ టాప్ టెన్ పాటల్ని లెక్కగట్టి చూస్తే, 1980ల మధ్యలో గొంతు వినపడటానికి సగటున 20 సెకన్లకు పైగా పట్టేది. 2015 నాటికి అది 5 సెకన్లు. ఇది నాకు నిజంగా లోటే. తలుపు తీయగానే మీద పడిపోయినట్టు ఉంటుంది.

అపోహ: పాతవాళ్లు ఒక్క టేకులో పాడి, వాయించి వెళ్లేవారు. ఇప్పుడంతా ఆటో-ట్యూన్ (గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) మాయ.

వాస్తవం: బర్డ్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కు పేరు తెచ్చిన 1965 నాటి మొదటి హిట్ 'మిస్టర్ టాంబురిన్ మ్యాన్'లో, ఆ బ్యాండ్ సభ్యుల్లో వాయించింది ఒక్క రోజర్ మెగ్విన్. మిగతా వాద్యాలన్నీ స్టూడియో కళాకారులవి. 1967లో వచ్చిన బీటిల్స్ 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అయితే రెండు వేర్వేరు టేకుల అతుకు. ఒకటి ఒక శ్రుతిలో, ఒక వేగంలో ఉంది, ఇంకొకటి ఇంకో శ్రుతిలో. టేపు వేగం మార్చి రెండింటినీ ఒక దగ్గరికి తెచ్చి, కోసి అంటించారు. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది. చెవి పెట్టి వింటే దొరుకుతుంది.

ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. తయారు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమి లోపలి ప్రకంపనల సంకేతాలను విశ్లేషించే పనిలో ఉండేవాడు. ఆ గణితమే గొంతుకు పనికొచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టేది అతిగా వాడటాన్ని. స్క్రీన్ మీద గొంతు ఒక గీతలా కనిపిస్తుంది. మంచి గాయని పాడితే ఆ గీత స్వరానికి కొంచెం కింద మొదలై, జారుతూ పైకి చేరి, అక్కడ సన్నగా వణికి ఆగుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ స్కేలు పెట్టి గీసినట్టు చదును చేస్తే శ్రుతి కుదురుతుంది, కానీ ఆ జారుడు పోతుంది. పాడిన మనిషి ఉన్నది ఆ జారుడులోనే.

అపోహ: ఇప్పటి పాటలన్నీ ఒకేలా ఉన్నాయని సైన్స్ తేల్చేసింది.

వాస్తవం: సగం మాటే చెబుతున్నారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం 1955 నుంచి 2010 వరకు వచ్చిన 4 లక్షలకు పైగా రికార్డింగులను పరిశీలించి, స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారుల్లో వైవిధ్యం తగ్గిందని, వాద్యధ్వనుల రకాలు తగ్గాయని, శబ్దం పెరిగిందని చెప్పింది. అందరూ పట్టుకుని తిరిగేది దీన్నే. 2015లో లండన్ పరిశోధకులు 1960-2010 మధ్య అమెరికాలో బిల్‌బోర్డ్ వారంవారీ హిట్ల జాబితా హాట్ 100కెక్కిన 17,000 పాటల్ని చూస్తే, వైవిధ్యం ఏటేటా తగ్గుతూ రావడం కనిపించలేదు. బాగా తగ్గింది 1980ల మధ్యలో, డ్రమ్ మెషిన్లు, సింథసైజర్లు రాజ్యమేలిన రోజుల్లో. ఆ తర్వాత మళ్లీ పెరిగింది. 1964, 1983, 1991ల్లో మూడు పెద్ద మలుపులు కనిపించాయి, వాటిలో పెద్దది ర్యాప్, హిప్-హాప్ జాబితాల్లోకి వచ్చిన 1991. ఎనభైలే స్వర్ణయుగం అనుకునే మిత్రులు ఇది ఒకసారి ఆలోచించాలి.

మెలొడీ విషయం వేరు. 1950 నుంచి 2023 వరకు అమెరికా టాప్ పాటల వరసలను చూసిన 2024 అధ్యయనం ప్రకారం, అవి లయలోనూ, స్వరాల ఎత్తుపల్లాల్లోనూ సరళమయ్యాయి. ఇది నా అనుభవానికీ సరిపోతుంది. గొంతు ఇప్పుడు నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది, పాట మధ్యలో శ్రుతి మార్చి పైకి ఎత్తడం దాదాపు పోయింది. ఆ శ్రమంతా ధ్వని వైపు వెళ్లింది. 1967లో బీటిల్స్‌కు దొరికింది నాలుగు ట్రాకుల మెషిన్, అంటే నాలుగు ధ్వనుల్ని విడివిడిగా పట్టుకునేది. ఇప్పుడు ఒక మామూలు పాప్ పాట ఫైలు తెరిస్తే నూరు ట్రాకులు దాటిపోవడం వింతేమీ కాదు. ఒక్క క్లాప్ శబ్దం కోసమే ఐదారు ధ్వనుల్ని పేరుస్తారు. దీన్ని కూనిరాగంగా తీసుకోలేం, అందుకే చాలామంది చెవికి "ఏమీ లేదు" అనిపిస్తుంది. మెలొడీ కోసమే పాట వినేవాళ్లకు ఇది నష్టమే. అలాగని సరళమైనదల్లా నాసిరకం కాదు. మూడు స్వరమేళాలు (కార్డ్స్), పన్నెండు తాళావర్తాల (బార్ల) మీద బ్లూస్ సంగీతం చాలావరకు నిలబడింది.

అపోహ: కొత్త రికార్డింగులు చెవిని అలసిపోయేలా చేస్తున్నాయంటే అది వయసు ప్రభావమే.

వాస్తవం: వయసుకు దీనిలో వాటా ఉంది. జనానికి జీవితాంతం అన్నిటికంటే నచ్చేది తమకు 23, 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన సంగీతమేనని 1989లోనే ఒక పరిశోధన చూపింది. కానీ ఈ ఒక్క ఫిర్యాదును వయసు మీదికి నెట్టేయకండి. ఇది నిజం. చేసింది మా వృత్తివాళ్లమే.

డిజిటల్‌లో శబ్దానికి ఒక కప్పు ఉంటుంది. సున్నా డెసిబెల్. దాన్ని దాటి ఏదీ వెళ్లదు. 1980ల సీడీలు చూస్తే డ్రమ్ దెబ్బ మాత్రమే ఆ కప్పును తాకేది, మిగతాదంతా కింద ఉండేది. 90ల నుంచి పోటీ మొదలైంది: పక్క పాటకంటే మన పాట గట్టిగా వినపడాలి. కప్పు ఎత్తలేం కాబట్టి, శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ అనే పరికరంతో డ్రమ్ దెబ్బల తలలు నరికి, కింద ఉన్నదాన్నంతా పైకి నెట్టాం. స్క్రీన్ మీద ఒకప్పుడు చెట్ల వరసలా కనిపించిన శబ్దపు బొమ్మ (వేవ్‌ఫామ్) ఇటుకలా తయారైంది. 2008లో మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు అభిమానులే తిరగబడ్డారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో ఇంతగా నొక్కకుండా, సీడీ కంటే శుభ్రంగా ఉన్నాయని పోల్చి చూపించారు. వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు.

ఎందుకు చేశామంటే, కొద్దిగా గట్టిగా వినపడేది మెరుగ్గా ఉందని మనిషి చెవి అనుకుంటుంది. ఒకే పాటను ఒక డెసిబెల్ తేడాతో రెండుసార్లు వినిపిస్తే, గట్టిగా ఉన్నది ఎంచుకుని "దీంట్లో బేస్ బాగుంది" అనేవాళ్లను ఎంతమందినో చూశాను.

ఇప్పుడు ఆ పోటీకి అర్థం లేదు. 2006లో శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. స్ట్రీమింగ్ యాప్ స్పాటిఫై ఆ కొలతతోనే ప్రతి పాటనూ మామూలుగా ఒకే స్థాయికి, ఆ కొలతలో మైనస్ 14 దగ్గరికి, తెస్తుంది. నలిపిన పాటను తగ్గించేస్తుంది. నలిపినందుకు మిగిలేది తల తెగిన డ్రమ్మే.

ఈమధ్య ఒక కుర్ర గాయకుడు వచ్చి "ఇంకా పెంచండి, పక్క పాటల ముందు చిన్నగా వినపడుతోంది, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. అతను అడిగినట్టు ఒకటి, నాకు నచ్చినట్టు ఒకటి చేశాను. రెండింటినీ కొలిచి సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. రెండో కోరస్‌లో డ్రమ్ పడే చోట కళ్లు మూసుకున్నాడు. "మళ్లీ పెట్టండి, ఆ మొదటిది" అన్నాడు. అది నలపకుండా నాకు నచ్చినట్టు చేసినది. ఆ ఫైలే విడుదలకు వెళ్లింది.