వోకింగ్ అప్పు ఎవరి నెత్తిన?

ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీని రెండు కౌన్సిళ్లుగా (స్థానిక ప్రభుత్వాలుగా) పునర్‌వ్యవస్థీకరించాలని అక్కడి ప్రభుత్వం 2025 అక్టోబరులో నిర్ణయించడంతో, ఆ కౌంటీలోని వోకింగ్ పట్టణ కౌన్సిల్ చేసిన అప్పు మళ్లీ రచ్చకెక్కింది. గిల్‌ఫర్డ్, వేవర్లీ లాంటి ఇరుగుపొరుగులతో పాటు వోకింగ్ కూడా 2027 ఏప్రిల్ నుంచి వెస్ట్ సర్రే అనే కొత్త కౌన్సిల్‌లో భాగమవుతుంది. ఆస్తులు కలిస్తే అప్పులూ కలుస్తాయి. వోకింగ్ అప్పులో 50 కోట్ల పౌండ్లు తాము తీరుస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. మిగతా భారం తమ మీద ఎందుకు పడాలన్నది పొరుగువాళ్ల ప్రశ్న.

ఈ అప్పు అనగానే అందరూ చూపించేది వోకింగ్‌లోని విక్టోరియా స్క్వేర్ ప్రాజెక్టును. పట్టణం నడిబొడ్డున దుకాణాలు, హోటల్, 34 అంతస్తుల దాకా లేచిన అపార్ట్‌మెంట్ టవర్లు. ఖర్చు మొదటి అంచనాలను ఎప్పుడో దాటేసి 70 కోట్ల పౌండ్ల దగ్గరికి చేరింది. ఫొటోల్లో ఆ టవర్లే కనిపిస్తాయి కాబట్టి తిట్లన్నీ వాటికే పడుతున్నాయి. అసలు తప్పు మాత్రం లెక్కల పుస్తకంలో జరిగింది.

2004కు ముందు ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్లు ప్రభుత్వం ఇచ్చిన పరిమితిలోనే అప్పు చేయాలి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. ఎంత అప్పు భరించగలదో కౌన్సిల్ తానే తేల్చుకోవచ్చు. ప్రభుత్వ రుణ సంస్థ (అందరూ పీడబ్ల్యూఎల్‌బీ అంటారు) తక్కువ వడ్డీకి డబ్బిచ్చేది, ప్రాజెక్టు నిలబడుతుందా అని తరచి చూసేది కాదు. పైగా కౌన్సిళ్ల ఆడిటింగ్‌ను పర్యవేక్షించే ఆడిట్ కమిషన్ 2015లో మూతపడింది. అంటే అప్పిచ్చేవాడు అడగడు, అడగాల్సినవాడు లేడు.

వోకింగ్ ఈ వెసులుబాటును మరో మెట్టు ఎక్కించింది. తక్కువ వడ్డీకి తెచ్చిన డబ్బును తన కంపెనీలకూ, విక్టోరియా స్క్వేర్ కట్టే ఉమ్మడి సంస్థకూ ఎక్కువ వడ్డీకి ఇచ్చింది. ఆ తేడాను ఆదాయంగా రాసుకుంది. ఉమ్మడి సంస్థలో కౌన్సిల్ వాటా 48 శాతమే, కానీ అప్పు రిస్కు మాత్రం దాదాపు మొత్తం కౌన్సిల్‌దే. ఈ ఒప్పందం ఎవరు చదివి సరే అన్నారో గానీ, ఇంట్లో పిల్లలు ఇలా సంతకం పెడితే ఊరుకుంటామా?

ఇక అసలు మలుపు. కౌన్సిల్ అప్పు చేస్తే, అసలు సొమ్ము తీర్చడానికి ఏటా బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టాలి. దీన్ని మినిమమ్ రెవెన్యూ ప్రొవిజన్ అంటారు. కంపెనీలే తిరిగి కడతాయి కదా అని వోకింగ్ ఆ అప్పులకు ఏళ్ల తరబడి ఏమీ పక్కన పెట్టలేదు. అందుకే పైకి బడ్జెట్ చక్కగా సరిపోయినట్టు కనిపించేది. తీరా చూస్తే, ఆ కంపెనీలు నిలబడటానికి కౌన్సిల్ ఇచ్చే కొత్త అప్పులే ఆధారం. 2022లో పగ్గాలు చేతులు మారాక, లోతుగా పరిశీలిస్తే ఇదంతా బయటపడింది.

2023 జూన్‌లో కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. చట్టప్రకారం తప్పనిసరి ఖర్చులు తప్ప కొత్తవేవీ పెట్టలేమని దాని అర్థం. ఆ ఏడాదికి చేతిలో ఉన్న కీలక నిధులు 1.6 కోట్ల పౌండ్లు, లోటు 120 కోట్లు. ఆ లోటులో ఎక్కువ భాగం పక్కన పెట్టని డబ్బూ, కంపెనీల నుంచి తిరిగి రావని తేలిన అప్పులూ. అప్పటికి మొత్తం అప్పు 180 కోట్లు. జనాభా లక్ష పైచిలుకు, అంటే తలకు 17 వేల పౌండ్లు. 2024లో, ఇళ్ల మీద వేసే కౌన్సిల్ పన్నులో వోకింగ్ వాటా దాదాపు 10 శాతం పెరిగింది.

పాత పాలకుల వాదన కూడా ఉంది. 2010 తర్వాత ప్రభుత్వ గ్రాంట్లు కోతపడ్డాయి, పట్టణ కేంద్రం వెలవెలబోతోంది, ఆదాయం ఎక్కడో వెతుక్కోవాలి. గ్రాంట్లు తగ్గిన మాట నిజమే.

2020 నవంబరులో పీడబ్ల్యూఎల్‌బీ నిబంధనలు బిగించారు. కేవలం రాబడి కోసం ఆస్తులు కొనే కౌన్సిళ్లకు ఇక అప్పు లేదన్నారు. పునరాభివృద్ధికి మాత్రం తలుపు తెరిచే ఉంచారు. విక్టోరియా స్క్వేర్‌నూ కౌన్సిల్ పునరాభివృద్ధి అనే పిలిచింది.

వెస్ట్ సర్రేలో కలవబోతున్న మరో కౌన్సిల్ స్పెల్‌థోర్న్‌కు కూడా 100 కోట్ల పౌండ్లకు పైగా అప్పు ఉంది. ఆఫీసు భవనాలు కొని అది తలకెత్తుకున్నది. వోకింగ్‌కు ప్రభుత్వం ఇస్తానన్న 50 కోట్లతో ఆ అప్పుకు సంబంధం లేదు.