నిలువు చెరువు

ప్రియమైన పిల్లలకు,

చిన్నదాని ఫోటోలు, వాటి వెనకే దాని ప్రశ్న, రెండూ చేరాయి. "తాతయ్యా, మిట్టమధ్యాహ్నం తీశాను, వెలుతురుకి లోటే లేదు. అయినా తెల్ల కారు మాసిపోయినట్టు వచ్చింది, నల్ల కారేమో వెలిసిపోయింది. ఫోన్ పాడైందా?" అని.

ఫోన్ బాగానే ఉందమ్మా. ముందు చెరువు సంగతి చెబుతాను.

చెరువు గట్టున నిలబడి కాళ్ళ దగ్గరి నీళ్ళలోకి వంగి చూస్తే అడుగున గులకరాళ్ళు కనబడతాయి. తల ఎత్తి అవతలి గట్టు వైపు చూడండి, అవే నీళ్ళలో ఆకాశం తప్ప ఏమీ ఉండదు. కారు ఒంటి మీద కూడా ఇదే జరుగుతుంది. అడుగున రంగు ఉంటుంది, అవి గులకరాళ్ళు. దాని మీద పారదర్శకమైన మెరుగు పూత ఒకటి వేస్తారు, అది నీరు. చెరువును ఎత్తి నిలబెట్టి, అక్కడక్కడ వంచితే అదే కారు. అందుకని కారును ఫోటో తీస్తున్నామంటే, దాని రంగుతో పాటు దాని మీద పడిన లోకాన్ని కూడా తీస్తున్నామన్నమాట.

మధ్యాహ్నపు చెరువును గుర్తు తెచ్చుకోండి. కళ్ళు చెదిరే తళుకు ఒకచోట, మిగతాదంతా మసక. సూర్యుడు ఎంత వెలిగినా ఆకాశంలో ఆయన వెడల్పు అర డిగ్రీయే. చాచిన చేతి చిటికెన వేలి వెడల్పులో సగం. అంత చిన్న దీపం కారు మీద ఒక తెల్లమచ్చ పెడుతుంది, చక్రాల పైన గుబురు చీకటి నింపుతుంది. సూర్యుడు దిగిపోయాక ఇరవై నిమిషాలు చూడండి, ఆకాశమంతా ఒకే పెద్ద దీపమవుతుంది. మబ్బు పట్టిన రోజూ అంతే. స్టూడియోల్లో కారు నెత్తిన కారంత పెద్ద తెల్లటి తెర వేలాడదీసి వెలిగిస్తారు. ఆ తెర మనకు రోజూ సాయంత్రం ఊరికే దొరుకుతుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా బాబాయి దగ్గర ఫిల్మ్ కెమెరా ఉండేది. రీలుకి 36 ఫోటోలు, అందులో ఒక్కటి నాకిచ్చాడు. ఆయన నల్ల కారుకు ఎదురుగా, ఎండలో, తెల్లచొక్కాతో నిలబడి నొక్కాను. రీలు కడిగించి తెచ్చేదాకా నిద్ర లేదు. తీరా చూస్తే తలుపు మీద కారు కంటే నా చొక్కాయే బాగా పడింది. బాబాయి కోప్పడలేదు. "కారుకి ఎదురుగా ఏముందో ముందు చూడరా, తర్వాత నొక్కు" అన్నాడు. ఇప్పటికీ కారు ఫోటో తీయాలంటే ముదురు రంగు చొక్కా వేసుకుంటాను. ముందు కారుకి వీపు పెట్టి నిలబడి, అది చూస్తున్నవన్నీ నేను చూస్తాను. స్తంభం ఉందా, చెత్తకుండీ ఉందా, పక్క కారు ఉందా అని. నాలుగడుగులు వేస్తే పోయే మచ్చను తర్వాత కంప్యూటర్లో గంటసేపు చెరపడం నాకు నచ్చదు. ఓపిక అక్కడే నేర్చుకోవాలి.

ఇక తెల్ల కారు మాసిన సంగతి. కెమెరా మీటరుకి తెలుపూ నలుపూ తెలియవు. ఎదుట ఉన్నది మధ్యరకం బూడిద రంగు అనుకుని, దానికి తగ్గట్టు వెలుతురు కొలుస్తుంది. పడిన కాంతిలో సుమారు 18 శాతం వెనక్కి పంపే బూడిద అది. ఫ్రేము నిండా తెల్ల కారుంటే "అమ్మో, ఎక్కువైంది" అని తగ్గిస్తుంది. నల్ల కారుంటే పెంచుతుంది. కాబట్టి తెల్లదానికి మీరు ప్లస్ 1 దాకా పెంచండి, నల్లదానికి మైనస్ 1 దాకా తగ్గించండి. ఒక్క మెట్టు పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం. చాలా ఫోన్లలో కారు మీద వేలితో తాకితే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకీ కిందికీ జరిపితే చాలు. పెంచేటప్పుడు బానెట్ మీద మెరుపులు గమనించండి. ఒకసారి పూర్తిగా తెల్లగా కాలిపోయిన చోట మళ్ళీ ఏమీ తెప్పించలేం. నీడల్లో దాగినదాన్ని కొంతైనా పైకి తీయొచ్చు.

సందెవేళ వెలుతురు తక్కువ కాబట్టి చేతిలో పట్టుకుని తీస్తే అదురుతుంది. ట్రైపాడ్ లేకపోతే గోడ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ వేయండి. అప్పుడు ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుతురుకి ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకెను, 100 దగ్గరే ఉంచి, షట్టర్ అర సెకను తెరిచినా భయం లేదు. హెడ్‌లైట్లు వద్దు, పార్కింగ్ లైట్లు చాలు. వాహనాలు తిరిగే రోడ్డు మీద మాత్రం ఎంత మంచి ఫోటో కోసమైనా నిలబడకండి.

పెద్దవాడు పోలరైజింగ్ ఫిల్టరు గురించి అడిగాడు. దాన్ని లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పితే అద్దం మీది మెరుపు పోయి లోపలి సీటు కనబడుతుంది, చెరువు అడుగు పైకి తేలినట్టు. పూతకీ అద్దానికీ అలా పనిచేసేది, పక్కనే ఉన్న క్రోమ్ పట్టీ దగ్గర మాత్రం ఓడిపోతుంది. ఎందుకో ఇప్పుడు చెప్పను. ముందు తిప్పి ఆ వింత మీరే చూడండి. మెరుపంతా తీసేస్తే మాత్రం కారు ఎండిన చెరువులా ఉంటుంది, కొంచెం ఉంచండి.

ఈ సాయంత్రం ఫోన్ ఇంట్లో పెట్టేసి, ఆగి ఉన్న కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు పక్కనుంచి చూడండి. ఆకాశం, నేల కలిసే చోట ఒక గీత కారు పొడవునా పరుచుకుని ఉంటుంది. మీరు కదిలితే అదీ కదులుతుంది, మడత దగ్గర వంగుతుంది. ఎక్కడ నిలబడితే ఆ గీత తెగకుండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగిందో నాకు రాయండి.

మీ
తాతయ్య